నాడి లెక్క

నా కుడి మోకాలు ఇంక పరుగుకు పనికిరాదని చిక్కబళ్ళాపురంలో ఎముకల డాక్టరు చెప్పిన రోజు నాకు కోపం వచ్చింది. ఆయన ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఈ రెండు ఎముకల మధ్య సందు ఉండాలి, మీకు లేదు చూడండి అన్నాడు. ఎన్నేళ్ళుగా పరిగెత్తుతున్నారని అడిగాడు. పంతొమ్మిదేళ్ళని చెప్పాను. అయితే చాలు కదా అన్నాడు, భోజనాల బంతిలో ఇంకో లడ్డు అడిగినవాడితో అన్నట్టు. కావాలంటే సైకిలు తొక్కండి, ఈత వస్తే ఈదండి అన్నాడు. మా చింతామణిలో ఈదడానికి నీళ్ళు యాడుండాయి సార్ అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వి బయటికొచ్చి బస్టాండు దాకా కుంటుతూ నడిచాను.

నా భార్య పోయి అప్పటికి పది నెలలు. ఆ పది నెలల్లో పరిగెత్తినంత నేను అంతకు ముందు ఎప్పుడూ పరిగెత్తలేదు. మోకాలు నొప్పి పెట్టడం మొదలైన తర్వాత దూరం ఇంకా పెంచాను. నొప్పి ఉన్నంతసేపు వేరే సంగతి మనసులోకి రాదు. డాక్టరు తీసేసింది దాన్ని.

ఆ వేరే సంగతి ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను. ఆమె గుండె జబ్బుతో పోయింది. ఆ జబ్బు రెండు నెలల పాటు తన గుర్తులు చూపిస్తూనే ఉంది. వాటిని ప్రతి ఉదయం నా వేళ్ళతో నేనే పట్టి చూశాను, చూసి సంతోషపడ్డాను. ఆమెను పెంచి పెద్దచేసిన అక్కకు ఈ మాట చెప్పలేదు. ఆమె నోరు తెరిచి అడిగినప్పుడు కూడా చెప్పలేదు.

మా ఇంట్లోకి పరుగు తెచ్చింది నేను కాదు, ఆమె. చాకవేలులో పుట్టింది. ఐదేళ్ళప్పుడు తల్లి పోతే, పన్నెండేళ్ళు పెద్దదైన అక్క సాకింది. బాగేపల్లిలో హైస్కూలు చదివేటప్పుడు తాలూకా క్రీడాకూటంలో చెప్పుల్లేకుండా పరిగెత్తి ఒక స్టీలు డబ్బా గెలిచింది. పెళ్ళయ్యాక అదంతా మానేసింది. చింతామణి దగ్గర ఒక పల్లెలో కన్నడ బడిలో టీచరుగా చేరింది. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. మాకు పిల్లలు లేరు. నాకు ముప్పై ఆరేళ్ళప్పుడు షుగరు వచ్చేలా ఉందని, రోజూ నడవమని చెప్పారు. తోడు కోసం తనూ వచ్చింది. మూడో రోజు కైవారం దారిలో నడుస్తూ నడుస్తూ, ఈ నడక నా చేతకాదని చెప్పి, చున్నీ నడుముకు కట్టుకుని పరుగు తీసింది. నేను వెనకపడ్డాను. అట్లా మొదలైంది.

చింతామణిలో మొగుడూ పెళ్ళాం కలిసి రోడ్డు మీద పరిగెత్తడం అప్పట్లో ఎవరూ చూసి ఉండరు. మార్కెట్టుకు టమోటాలు తోలే లారీల వాళ్ళు వేగం తగ్గించి మరీ చూసేవాళ్ళు. టీ అంగడి ఆయన రోజూ ఒకటే అనేవాడు, వెనక ఎవురూ రాలేదు, నిదానంగా పోండి సార్ అని. ఒకరోజు ఒక ముసలామె మేం బస్సు కోసం పరిగెత్తుతున్నామనుకుని రోడ్డుకు అడ్డం నిలబడి చేతులు ఊపి బస్సు ఆపేసింది. డ్రైవరు తల బయటికి పెట్టి, రండి రండి అంటున్నాడు. బస్సులో అందరూ మా వైపే చూస్తున్నారు. కాదని చెప్పడానికి మొహమాటపడి నా భార్య బస్సెక్కింది. నేను ఎక్కలేదు. తర్వాతి స్టాపులో దిగి, నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుని నాకోసం కూర్చుని ఉంది. ఆ ముసలామె మంచితనం కాదనకూడదు కదా అని వాదించింది.

నేను ఏ పని మొదలుపెట్టినా దాని గురించి పుస్తకాలు తెప్పించుకుని చదివే రకం. పరుగు గురించి కూడా చదివాను. దూరాలు పరిగెత్తేవాళ్ళ గుండె బలపడి నిదానంగా కొట్టుకుంటుందని, పొద్దున్నే పక్క మీద నుంచి లేవకముందు నాడి ఎంత తక్కువగా ఉంటే అంత మంచిదని వాటిలో ఉంది. అది అబద్ధం కాదు. అప్పటి నుంచి రోజూ పొద్దున ఆమె మంచం అంచున కూర్చుని చెయ్యి చాపేది. నేను గోడ గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టేవాణ్ణి. తర్వాత నాది. పక్కింటివాళ్ళు పాల లెక్క రాసుకునే చోట, గోడ క్యాలెండరులో, మేం నాడి లెక్క రాసుకునేవాళ్ళం. ఇన్నేళ్ళ మొగుడూ పెళ్ళాలు పొద్దున్నే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడానికి అదొక సాకు కూడా.

ఆమెది మామూలుగా యాభై రెండు, యాభై మూడు ఉండేది. ఆ ఏడాది జూన్‌లో నలభై నాలుగుకు వచ్చింది. తర్వాత నలభై రెండు. ఒకరోజు ముప్పై ఎనిమిది. ఆ రోజు కాలేజీలో తోటి లెక్చరర్లకు కూడా చెప్పుకున్నాను. పేరున్న పరుగుగాళ్ళకు తప్ప అంత ఉండదన్నాను.

అవే రోజుల్లో ఆమె కళ్ళు తిరుగుతున్నాయని చెప్పింది. వంట చేస్తూ ఒకసారి, బస్టాపులో ఒకసారి. ఉన్నట్టుండి కరెంటు తగ్గినట్టు అవుతుంది, మళ్ళీ వస్తుంది అంది. మజ్జిగలో ఉప్పు ఎక్కువ వేసుకోమన్నాను. దారిలో ఎత్తు వచ్చిన చోట నా వెనక పడిపోతుంటే, వయసుకి కాళ్ళలో బలం తగ్గుతోందని లెక్కగట్టాను. దానికి పుస్తకాల్లో చెప్పిన మందు ఎత్తు ఎక్కి దిగడం. వారానికి రెండు రోజులు, ఒక్కో రోజు నాలుగుసార్లు ఎక్కించాను. నాలుగోసారి పైకి వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు వంగి నిలబడేది. పెదవులు తెల్లగా ఉండేవి. నేను చేతి గడియారం చూసుకుంటూ, నిన్నటికంటే పది సెకన్లు ఎక్కువైందని చెప్పేవాణ్ణి.

రెండో నెల చివర, బడిలో బోర్డు మీద రాస్తూ పడిపోయింది. హెడ్‌మాస్టరు తన కారులోనే చింతామణి ఆస్పత్రికి తీసుకొచ్చాడు. నేను వెళ్ళేసరికి ఒకసారి కళ్ళు తెరిచి మూసిందని చెప్పారు. డ్యూటీ డాక్టరు ఈసీజీ చీటీ చేతిలో పెట్టుకుని, ఇంతకు ముందు కళ్ళు తిరిగేవా, నాడి ఎప్పుడైనా తక్కువగా ఉండేదా అని అడిగాడు. ఆమె రన్నరండీ అన్నాను. ఆయన చీటీని మళ్ళీ ఒకసారి చూశాడు. తర్వాత, గుండెలో సంకేతం నడిచే దారి కొద్దికొద్దిగా తెగుతూ వచ్చిందని, ముందే చూసుకుని ఉంటే అగ్గిపెట్టె అంత మిషను చర్మం కింద పెట్టేవాళ్ళమని, అది పెట్టుకుని ఇరవై ఏళ్ళు బతికేవాళ్ళున్నారని చెప్పాడు. నన్ను తప్పు పట్టలేదు. సాయంత్రంలోపల ఆమె పోయింది.

వచ్చిన చుట్టాలందరూ పరిగెత్తి పరిగెత్తి గుండె అరగదీసుకుందని అన్నారు. నేను వాళ్ళతో వాదించాను. శవం ఇంట్లో ఉండగానే, పరుగు వల్ల గుండె అరగదని, బలపడుతుందని పాఠం చెప్పినట్టు చెప్పాను. అది నిజమే. ఆ నిజం వెనక దాక్కున్నాను.

పదకొండో రోజు అన్నీ అయిపోయి, విస్తళ్ళు ఎత్తుతున్నప్పుడు, వదిన నా పక్కన వచ్చి కూర్చుంది. నా భార్యను పెంచిన అక్కను నేను వదిన అనే పిలుస్తాను. నేల మీద పడ్డ మెతుకులు ఏరి ఒక విస్తట్లో వేసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

“పిల్ల నీతో ఏమైనా చెప్పిందాప్పా? ఒంట్లో బాగలేదని గానీ.”

“ఏమీ చెప్పలేదొదినా,” అన్నాను.

ఆమె తల ఊపి లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నెలకొకసారి ఫోన్ చేసేది. తిన్నావా, వాన పడిందా, మల్బరీ ఆకు ధర ఎట్లుంది, ఇట్లాంటివి మాట్లాడేది. ఏదో ఇంకా అడగబోతున్నట్టు ఒక్కోసారి చివర ఆగేది. నేను ఫోన్ పెట్టేసేవాణ్ణి.

దుఃఖం గురించి రాసిన పుస్తకాలు కొన్ని ఆ రోజుల్లో చదివాను. అందంగా రాసినవాటిని సగంలో మూసేశాను.

సైకిలు చిక్కబళ్ళాపురంలోనే దొరికింది. నంది కొండ ఎక్కడానికని కొనుక్కున్న ఎవరో ఊరు మారుతూ అంగట్లో వదిలిపెట్టి వెళ్ళిన రోడ్డు సైకిలు. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు. బూట్లు పెడలుకు తగులుకునే రకం. అంగడి ఆయన మంచివాడు. నా ఎత్తుకు సీటు సరిచేసి, నన్ను రోడ్డు మీద ఒక చుట్టు తొక్కించి చూసి, మీరు రన్నరా సార్ అని అడిగాడు. ఎట్లా తెలిసిందన్నాను. రన్నర్లందరూ పెద్ద గేరు వేసి నేలను తన్నినట్టు తొక్కుతారు సార్, తొక్కకండి, తేలిగ్గా తిప్పండి, ఊపిరి మీకు ఎట్లాగూ ఉంది అన్నాడు.

ఊపిరి ఉంది. కాళ్ళు లేవు. పంతొమ్మిదేళ్ళు పరిగెత్తినవాడికి తొడల ముందు భాగంలో ఇంత నొప్పి ఉంటుందని నాకు తెలియదు. మెడ పట్టేసేది, అరచేతులు తిమ్మిరెక్కేవి. మొదటి వారంలోనే చింతామణి నడిబొడ్డున, సర్కిలు దగ్గర, లారీ అడ్డం వస్తే ఆగాను. బూటు పెడలు నుంచి తియ్యడం మరిచిపోయాను. సైకిలుతో సహా పక్కకు ఒరిగిపోయాను, కొట్టేసిన చెట్టు మాదిరి. ఆటో స్టాండులో ఉన్నవాళ్ళు పరిగెత్తుకొచ్చి లేపారు. అందులో ఒకడు నా పాత స్టూడెంటు. “ఏమి సార్, అందురూ పోతా పోతా పడతారు, మీరు నిలబడి పడతారా?” అన్నాడు. మోచేతికి తగిలిన దెబ్బ కడిగించి టీ తాగించి పంపాడు. ఆ తర్వాత అటుగా పోయిన ప్రతిసారీ, సార్ ఆగకండి, ఆగకండి అని ఆటోవాళ్ళంతా అరిచేవాళ్ళు.

కష్టం అది కాదు. పరిగెత్తేవాళ్ళు రోడ్డుకు కుడి పక్కన పోతారు, ఎదురొచ్చే బండి కంటికి కనిపిస్తుంది. ఏది వచ్చినా ముందే తెలుస్తుంది, పక్కకు తప్పుకోవచ్చు. సైకిలు ఎడమ పక్కన, బండ్లకు వీపు చూపించి పోవాలి. వెనక ఏముందో చెవులకు వదిలెయ్యాలి. లారీ మోత వినిపించినప్పుడల్లా నా వీపు బిగుసుకుపోయేది. ఇంకొకటి, దిగుడు వచ్చినప్పుడు సైకిలు దానంతట అదే పోతుంది. పరుగులో మనం ఆగితే అంతా ఆగుతుంది. ఇక్కడ నేను ఏమీ చెయ్యకుండా కూర్చుని ఉన్నా ముందుకే పోతున్నాను. అది నాకు నచ్చలేదు. మొదట్లో దిగుళ్ళలో కూడా బ్రేకు పట్టుకునే పోయేవాణ్ణి.

మాట్లాడుకుంటూ పరిగెత్తిన దారి కూడా సైకిలు మీద వేరే దారి అయిపోయింది. కైవారం దారిలో ఏ మైలురాయి దగ్గర ఆమె ఏ మాట చెప్పిందో నాకు గుర్తుండేది. బడి పిల్లల సంగతులు, హెడ్‌మాస్టరు చాదస్తం, వంకాయ పులుసు ఎందుకు చెడిపోయింది. పరుగులో ఒక్కో మాట దగ్గరికి నిదానంగా వచ్చి, దాటి, కొంతసేపు దాన్నే తలుచుకుంటూ పోవచ్చు. సైకిలు మీద ఒక మాట గుర్తొచ్చేలోగా అది ఎప్పుడో వెనకపడి ఉంటుంది. రోడ్డు మీద గుంట ఉందేమో చూసుకోవాలి. నెల తిరిగేసరికి రెండు మూడు చోట్ల ఏమి మాట్లాడుకున్నామో నిజంగానే మరిచిపోయాను. సైకిలు ఆపి, రాయి పక్కన నిలబడి గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. రాలేదు.

అంగడి ఆయన ఛాతీకి కట్టుకునే పట్టీ ఒకటి ఇచ్చాడు. గుండె ఎంత కొట్టుకుంటోందో హ్యాండిలు మీద చిన్న తెరలో కనిపిస్తుంది. మొదటి రోజు ఇంట్లో కూర్చుని కట్టుకుంటే నలభై ఎనిమిది చూపించింది. విప్పి బీరువాలో పెట్టాను.

సంవత్సరీకానికి వదిన వచ్చి వెళ్ళింది. ఏమీ అడగలేదు. నేను ఆమె కంట పడకుండా వంటవాళ్ళ దగ్గర, సామాన్ల దగ్గర తిరిగాను. ఆమె వెళ్ళిన తర్వాత ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు, ఇది చెప్పకుండా నేను బతకలేనని అర్థమైంది. ఆమె తిట్టాలి. ఇంకెవరికీ నన్ను తిట్టే హక్కు లేదు. చాకవేలు పోయి ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను. రెండుసార్లు బస్సెక్కాను. రెండుసార్లూ సగం దారిలో చేలూరులో దిగి, టీ తాగి, చింతామణి బస్సెక్కి వెనక్కి వచ్చేశాను. బస్సులో వెనక్కి రావడం కూడా అంతే సులువు.

అప్పుడే సైకిలు మీద పోవాలని తోచింది. పరిగెత్తేవాడి బుద్ధి అది. సొంత కాళ్ళ మీద సగం దూరం పోయినవాడు ఊరికే వెనక్కి తిరగడు. పంతొమ్మిదేళ్ళలో మేం ఏ రోజూ అనుకున్న దూరం మధ్యలో ఆపలేదు. ఆపకపోవడమే గొప్ప అనుకున్నాం.

డిసెంబరులో ఒక ఆదివారం, మంచు ఇంకా విడవకముందే బయల్దేరాను. మోకాలికి బామ్ రాసుకుని పట్టీ చుట్టుకున్నాను. చేలూరు దాకా బాగానే పోయాను. టీ అంగడి దగ్గర ఆగకుండా, అటు చూడకుండా దాటాను. అక్కడి నుంచి ఊళ్ళ మధ్య రోడ్డు మీద ఉలవలు పరిచి ఉన్నాయి. మా వైపు రాగులైనా ఉలవలైనా కోసి తెచ్చి తారు రోడ్డు మీద పరిచేస్తారు. వచ్చే పోయే బండ్లు తొక్కి గింజ రాలుస్తాయి. పరిగెత్తే రోజుల్లో అది మాకు పండగ. మెత్తగా ఉండేది, మోకాళ్ళకు హాయిగా ఉండేది. మేం అటూ ఇటూ రెండుసార్లు పరిగెత్తితే వాళ్ళు కూడా సంతోషించేవాళ్ళు. ఆ అలవాటు కొద్దీ నేరుగా ఎక్కించాను. పది గజాలు పోయేసరికి ఎండిన తీగలు గొలుసుకూ గేర్ల చక్రానికీ చుట్టుకుని సైకిలు బిగుసుకుపోయింది. ఈసారి బూటు తీసుకోగలిగాను.

ఉలవ కుప్ప పక్కన చేటతో కూర్చుని ఉన్న ఒకామె లేచి వచ్చింది. నేను తీగలు పీకుతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

“ఆ దారాల మాదిరి చక్రాలతో మా ఉలవలు యాడ రాలతాయప్పా. లారీ వస్తాదేమో అని చూస్తా ఉంటే నువ్వొస్తివి,” అంది.

తప్పయిందమ్మా అన్నాను. తప్పేముందిలే అని తనూ కూర్చుని, గోటితో సన్నటి తీగలు లాగడం మొదలుపెట్టింది. యాడికని అడిగింది. చాకవేలుకన్నాను. ఆడ ఎవరని అడిగింది. మా ఇంటామె అక్క అన్నాను.

“ఆయమ్మను వదిలేసి నువ్వొకడివే వస్తాండావా?”

“ఇస్కూలుండాది, రాలేదమ్మా,” అన్నాను.

ఆదివారం స్కూలేమిటని ఆమె అడగలేదు. గొలుసు విడిపించి, చేతులకు అంటిన నల్లటి జిడ్డు ఉలవ పొట్టుతో తుడుచుకోమని చూపించింది. అక్కడి నుంచి కిలోమీటరు దాకా సైకిలు నడిపించుకుంటూ పోయాను. ఇంత సులువుగా వస్తుందా అబద్ధం అనుకున్నాను. వెనక్కి తిరుగుదామని కూడా అనుకున్నాను. కానీ చింతామణి ఇప్పుడు చాకవేలు కంటే చాలా దూరం.

వదిన ఇంటి వెనక పట్టుపురుగుల ఇంట్లో ఉందని ఆమె కోడలు చెప్పింది. మల్బరీ ఆకు మోపులు బయట తడి గోనె కింద ఉన్నాయి. పట్టుపురుగులు ఆఖరి దశలో ఉన్నప్పుడు పొద్దుకు ఎన్నోసార్లు ఆకు వెయ్యాలి, ఆ పని వదిలి ఎవరూ బయటికి రారు. కాళ్ళు కడుక్కుని లోపలికి పోబోతుంటే, వదిన లోపలి నుంచే చెయ్యి అడ్డం పెట్టింది. “బామ్ పూసుకోనుండావా? ఆడనే నిలబడప్పా. పురుగులకు ఆ వాసన పడదు.” ఈగలు దూరకుండా తలుపుకు బిగించిన నైలాన్ వల బయట నేను, లోపల ఆమె. కోడలు నాకు నీళ్ళు, కాఫీ ఇచ్చి వెళ్ళింది. సైకిలు మీద వచ్చానని విని వదిన నమ్మలేదు. వల దగ్గరికి వచ్చి సైకిలును చూసి, నీకేమైనా పిచ్చా అంది. మళ్ళీ పోయి ఆకు పరవడం మొదలుపెట్టింది.

ఆమె మొహం సరిగా కనిపించకపోవడం నాకు మేలైంది.

“వదినా, ఆ రోజు నువ్వడిగితే లేదంటిని. చెప్పింది. కళ్ళు తిరగతాండాయని రెండు నెలలు చెప్పింది. నాడి పడిపోతా ఉంటే, అది మంచిదని నేనే అన్యాను. దిన్నె ఎక్కించినాను. నా వల్లనే పోయింది.”

ఇన్ని నెలలు లోపల ఎన్నో రకాలుగా పేర్చుకున్న మాటలు, బయటికి వచ్చేసరికి ఇంతే ఉన్నాయి.

ఆమె ఆకు పరవడం ఆపలేదు. పురుగుల అరల్లో ఒకటి నింపి, రెండో అర మొదలుపెట్టింది. నేను వల పట్టుకుని నిలబడ్డాను.

“పిల్లకు బాగలేదని నాకూ తెలుసప్పా,” అంది.

తర్వాత చెప్పింది. ఆ ఏడాది తొలేకాదశి ముందు నా భార్య ఒక్కతే చాకవేలు వచ్చింది. నాకు కాలేజీ పని ఉండి వెళ్ళలేదు. తోటలో అక్కతో కలిసి ఆకు కోస్తూ కోస్తూ సాలులో కూర్చుండిపోయింది. మొహమంతా చెమట. వదిన భయపడి, బాగేపల్లి ఆస్పత్రికి ఇప్పుడే పోదాం పదమంది.

“రానంటే రాననింది. ఆయన దినామూ చెయ్యి పట్టుకోని లెక్కేస్తాడక్కా, ఏమన్నా ఉంటే ఆయనకు తెలీదా, బాగుండాదని చెప్పినాడు, అనె. చదువుకున్నోడు చూస్తాండాడు గదా, నాకేం తెలుసునని నేనూ ఊరుకుంటి. చెవి పట్టుకోని ఈడ్చుకోని పోవాల్సింది. చిన్నప్పుడు మందు మింగకపోతే ముక్కు మూసి పోస్తా ఉంటి.”

నాకు వెంటనే అర్థం కాలేదు. మరి పదకొండో రోజు నన్నెందుకు అడిగావన్నాను.

ఆమె చేతిలో ఆకు కింద పెట్టింది. “నువ్వు అవునంటావేమో, అంటే నేను కూడా చెప్దామని. నాతో కూడా చెప్పిందప్పా, నేనూ వదిలేస్తి అని. మా ఇంట్లో ఎవురికీ చెప్పలేదు నేను. నువ్వు లేదంటివి. సరే, మొగునికి కూడా చెప్పని మాట నాకొకతెకే చెప్పింది, నేనే చంపుకుంటి అనుకున్యా. ఇన్ని దినాలూ అట్లనే అనుకోనుండా.”

ఆమె ఏడవలేదు. ఏడుస్తుందేమోనని చూశాను. నేను తిట్లు తినడానికి వచ్చాను. తిట్టినా, వెళ్ళగొట్టినా పట్టుకుపోవడానికి ఏదో ఒకటి ఉండేది. నేను ఒక్కణ్ణే మోస్తున్నాననుకున్నది ఆమె కూడా మోసింది. ఆమె భుజాల మీద దాన్ని ఒంటరిగా వదిలేసింది నా ఒక్క మాట. చెల్లెలి చావు తర్వాత ఆమెకు జరిగిన రెండో అన్యాయం కూడా నాదే. నేను క్షమించమని అడిగానో లేదో నాకు గుర్తు లేదు. అడిగి ఉంటే ఆమె జవాబు చెప్పలేదు.

“తెలిసి కూడా ఫోన్ చేస్తా ఉంటివే వదినా,” అన్నాను.

“నాకేం తెలుసు నీకు తెలుసునని? అయినా ఏమన్నా చెప్తావేమో అని చేస్తా ఉంటి. ముందే చెప్పింటే ఇద్దరమూ ఒక మూల కూర్చోని ఏడ్చింటాం. ఇప్పుడు యాడ వస్తాదప్పా ఏడుపు.”

కోడలు భోజనానికి పిలిచింది. వదిన రాలేదు, ఇంకో రెండు అరలు ఉన్నాయంది. సంగటి, ఉలవ చారు పెట్టారు. కోడలు సైకిలు గురించి అడుగుతూ ఉంది, ఒక్క రోజులో ఇంత దూరమా, కాళ్ళు పీక్కుపోవా అని. నేను జవాబులు చెప్తూ తిన్నాను. బయల్దేరే ముందు పురుగుల ఇంటి దగ్గరికి పోయి, వస్తానొదినా అన్నాను. ఆమె వల దాకా వచ్చింది. చెంగుతో చేతులు తుడుచుకుంటూ నా మోకాలి వైపు చూసింది.

“ఇంత దూరం తొక్కుకోని ఇంగ రావద్దులే అప్పా,” అంది.

బాగేపల్లి నుంచి బస్సు దొరుకుతుంది, సైకిలు పైన వేసుకోనిస్తారు, అట్లా పో అని కూడా చెప్పింది. అట్లాగే పోయాను. బాగేపల్లి బస్టాండులో కండక్టరు సైకిలును ఒక చేత్తో పైకెత్తి, దీనికి బరువే లేదే సార్ అని నవ్వాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఊళ్ళు పోతున్నాయి. రావద్దన్నది మోకాలి కోసమేనని ఆ రోజంతా అనుకున్నాను. ఒక వారం దాకా అనుకున్నాను.

ఆ నెల ఫోన్ రాలేదు. తర్వాతి నెల కూడా రాలేదు. నేనూ చెయ్యలేదు. ఆమె వినడానికి ఎదురుచూసిన ఒక్క మాటా అయిపోయింది. ఆదివారాలు సైకిలు తొక్కుతూనే ఉన్నాను, చేలూరు వైపు కాదు. మోకాలు ఇప్పుడు నొప్పి పెట్టడం లేదు. డాక్టరు చెప్పింది నిజమే, సైకిలు మోకాలికి మంచిదే.

మార్చిలో ఒకరోజు సాయంత్రం కోడలు ఫోన్ చేసింది. ఈ పంటకు పట్టుగూళ్ళు బాగా వచ్చాయని, తన పిల్లవాడి కాలేజీ అడ్మిషన్ గురించి ఏదో అడగాలని. అడిగింది, నాకు తెలిసింది చెప్పాను. మాట్లాడుతుండగా ఆమె పక్కన ఎవరో దగ్గారు. ఆ దగ్గు వదినది, నాకు తెలుసు. అత్తమ్మ ఈడనే ఉంది మామా అని కోడలు చెప్పింది. ఇస్తాననీ అనలేదు, నేను ఇవ్వమనీ అడగలేదు.  తర్వాత సరే ఉంటానన్నాను.